మిశ్రమ లెక్కలో రెండవ సమీకరణం

నూటికి 20 పాళ్ళు చక్కెర గల షర్బత్తును, 50 పాళ్ళు గల షర్బత్తును కలిపి, 30 పాళ్ళు గల షర్బత్తు 600 గ్రాములు తయారు చేయవలెను. ఒక్కొక్కటి ఎంత?

ఈ లెక్క ఇవ్వగానే మన విద్యార్థులలో పెక్కుమంది క + ఖ = 600 అని తడుముకోకుండా వ్రాస్తారు. రెండవ సమీకరణం వద్ద కలం ఆగిపోతుంది. కొందరు 20క + 50ఖ = 30 అని వ్రాసి చిక్కుపడతారు. మరికొందరు అడ్డగీతల సూత్రం కంఠస్థం చేసి 400, 200 అని సమాధానం చెబుతారు. సమాధానం ఒప్పే. కాని అదే షర్బత్తును మరిగించి కొంత నీరు ఆవిరి చేసిన తరువాత ప్రశ్న అడిగితే ఆ గీతలు ఎటు గీయాలో వారికి తోచదు.

లోపం గణితంలో లేదనీ, లెక్కను చదవడంలోనే ఉన్నదనీ నా అభిప్రాయం. కలిపినప్పుడు మారనిది ఏది? శాతం మారుతుంది, చక్కెర బరువు మారదు. "మొదటి దానిలోని చక్కెర, రెండవ దానిలోని చక్కెర కలిసి 180 గ్రాములు" అని తెలుగులోనో ఉర్దూలోనో ఒక వాక్యం చెప్పగలిగితే, 2క + 5ఖ = 1800 అనేది ఆ వాక్యానికి సంక్షిప్త రూపమే. మొదటి సమీకరణాన్ని రెట్టించి తీసివేస్తే 3ఖ = 600. ఇక మిగిలినది కూడికలూ తీసివేతలే. (బరువునే తీసికొన్నాను, సారాయము లీటరు, నీరు లీటరు కలిపితే రెండు లీటర్లు పూర్తిగా కావు.)

ఈ విద్య మన రెండు భాషలకూ పరాయిది కాదు. తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ అరబ్బీలో వ్రాసిన గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' నుండే ఆల్జీబ్రా అన్న మాట పుట్టింది. ఆ శతాబ్దిలోనే మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఇట్టి లెక్క ఇచ్చాడు: 9 మాదీఫలాలు, 7 వెలగపండ్ల వెల 107, 7 మాదీఫలాలు, 9 వెలగపండ్ల వెల 101. రెండూ కూడితే పదహారేసి పండ్లకు 208, అనగా జతకు 13. తీసివేస్తే రెండింటి వెలల తేడా 3. కనుక 8, 5. ఆ గ్రంథాన్ని తెలుగు చేసినవాడు పావులూరి మల్లన.

కళాశాల సంఘం వారికి నా మనవి ఒక్కటే. వారానికి ఒక పీరియడు, పలకపై అంకె వేయకుండా, లెక్కలను మాతృభాషలో చదివించడానికి కేటాయించాలి. పరీక్షలో సమాధానం తప్పినా, రెండవ వాక్యం సరిగా వ్రాసిన విద్యార్థికి సగం మార్కులు ఇవ్వాలి.