పిడుదుల బెడద

పశువుల కొట్టములో పిడుదులుండుట మనవారికి వింత కాదు. ఆవు చెవిలోనో గంగడోలు క్రిందనో గోమార్లు గుత్తులుగా పట్టియున్నను, పాలేరు తీరిక దొరికినపుడు నాలుగింటిని పెరికి గోటితో చిదిమివేయును. యజమాని చూచియు చూడనట్లుండును. ఈ యుపేక్షకు మూల్యమును పశువులే గాక మనుష్యులును చెల్లించుచున్నారని పాఠకులకు విన్నవింపదలచితిమి.

పిడుదు రక్తము పీల్చుటయే గాక రోగమును మోయుననుట నేటి మాట కాదు. అమెరికాలో పశువులను చంపుచుండిన టెక్సాసు జ్వరమునకు పిడుదే వాహకమని థియొబాల్డ్ స్మిత్, కిల్బోర్ను అను శాస్త్రజ్ఞులు 1893లో లోకమునకు చాటిరి. మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపున మలేరియా బీజమును కనుగొన్నది అటుపిమ్మట నాలుగేండ్లకు, 1897లో. నాటినుండి దోమను గూర్చి ఎంతయో ప్రచారము జరిగినది. పిడుదును గూర్చి మన పల్లెలలో ఒక్క మాట వినబడుట అరుదు.

పొరుగు రాష్ట్రమున జరిగినది చూడుడు. 1957లో షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చి పడినవి. చుట్టుపట్ల గ్రామస్థులకు తీవ్రజ్వరము, కొందరికి రక్తస్రావము కలిగినవి. పూనా వైరసు పరిశోధన కేంద్రమువారు శోధింపగా, అది పిడుదులు మోయు వైరసు వలన వచ్చు వ్యాధి యని తేలినది. కన్నడిగులు దానిని కోతిజబ్బనిరి. కాని కోతియు మనవలె బాధపడునదే, మోసికొని తిరుగునది పిడుదు. అడవియంచున మేయు పశువుల నెత్తురు త్రాగి పిడుదులు పెచ్చు పెరుగును. వంటచెరకునకు, ఎండుటాకులకు పోవు పేదలే ముందు వానివాత పడుదురు. వ్యాధి సోకినవారిలో నూటికి 3 నుండి 5 మంది మరణింతురు. తరువాతి కాలమున ఈ జ్వరము కేరళము, గోవా, తమిళనాడులకును ప్రాకినది. చిరకాలము వాడిన టీకా చాలినంత గుణము చూపనందున దానిని విడిచిరి.

గుజరాతులో 2011లో బయటపడిన క్రిమియన్ కాంగో జ్వరము మరియు ఘోరము. రోగితోపాటు చికిత్స చేసిన వైద్యుడును, పరిచర్య చేసిన నర్సును మరణించిరి. ఈ వ్యాధి పిడుదు కాటువలననే గాక, పిడుదును వట్టిచేతితో చిదుముటవలనను, వ్యాధిబీజముగల పశురక్తము తాకుటవలనను సోకగలదు. పాలేరు గోటి పని యెంత ప్రమాదకరమో దీనినిబట్టి తెలియుచున్నది.

పశువుల నష్టము సరేసరి. మన ఒంగోలు జాతి పిడుదులను కొంతవరకు ఓర్చుకొనును. పాలకై పెంచు జెర్సీ, హోల్‌స్టీన్ సంకరములకు ఆ యోర్పు తక్కువ. థైలీరియా సోకిన ఆవు జ్వరముతో, బిళ్లలు వాచి, నెత్తురు క్షీణించి కూలును. బబీసియా సోకినదానికి మూత్రము ఎఱ్ఱనగును. పట్టణవాసులు తమకీ గొడవ లేదనుకొనరాదు. కుక్కపిడుదు ఇంటి గోడ పగుళ్లలోనే కాపురముండును. అది ఎర్లీకియా వ్యాధితో కుక్కను చంపగలదు. మనుష్యులకు టైఫసు జాతి జ్వరమును తేగలదు.

ఒక్క ఆడగోమారి కడుపునిండ నెత్తురు త్రాగి నేలరాలి, 2, 3 వేల గ్రుడ్లు పెట్టును. కావున పశువునకు మందు పూసి కొట్టమును విడుచుట సగము పని. పగుళ్లు పూడ్చి, పేడకుప్పలు తొలగించి, గోడలకును నేలకును వైద్యుడు చెప్పిన మందు చల్లవలయును. మందు పాలు తగ్గింపరాదు; అరకొర మందుతో చావని పిడుదులే తరువాత మందునకు లొంగని సంతతిని కనును. కుక్క చెవులు, కాలివ్రేళ్ల సందులు దినదినము చూడవలయును. మనిషిని పట్టిన పిడుదునకు కిరసనాయిలు పూయుట, నిప్పంటించుట తప్పు. సన్నని పట్టకారుతో చర్మమునకు ఆనించి పట్టి, మెల్లగా నిటారుగా లాగి, సబ్బుతో కడుగవలయును. పిమ్మట జ్వరము వచ్చినచో పిడుదు కరచిన సంగతి వైద్యునకు తప్పక చెప్పవలయును. పిడుదు తెచ్చు టైఫసుకు డాక్సీసైక్లిన్ వంటి మంచి మందు కలదు; ఆలస్యమే ప్రాణాంతకము.

ప్రభుత్వమును ఒక్క మాట అడుగుచున్నాము. పశువైద్యుడు ఒక శాఖ, మనుష్యవైద్యుడు వేరొక శాఖ. పిడుదునకు మాత్రము ఈ భేదము లేదు. ఊరిలో పశువులకు వచ్చిన వ్యాధి వార్త ఆరోగ్యకేంద్రమునకు ఆనాడే చేరు ఏర్పాటు చేయుటకు కోట్ల ధనము అక్కరలేదు, శ్రద్ధ చాలును.

భూస్వాములకును మా మనవి యిదియే. మీ పశువును కాచు పాలేరునకు నిండుచేతుల చొక్కాయి, చేతితొడుగులు, జ్వరము వచ్చిననాడు వైద్యము, కూలి కోయని విశ్రాంతి ఇచ్చుట దానము కాదు, ఋణము. కనుమనాడు ఆవునకు పసుపు కుంకుమలు పెట్టి కొమ్ములకు రంగులు దిద్దుటతో గోసేవ ముగియదు. తక్కిన దినములలో దాని కొట్టమును, దానిని మేపువాని ప్రాణమును కాపాడిననాడే ఆ పండుగకు అర్థము కలుగును.