కార్నియా పటం ఎవరి చేతిలో?
కళ్లద్దాలు వదిలించే లాసిక్ ఆపరేషన్ కోసం దమ్మపేట నుంచి ఖమ్మమో హైదరాబాదో వెళ్లే యువత ముందు అడగాల్సింది రాయితీ సంగతి కాదు, కార్నియా పటం సంగతి. కార్నియా కంటి ముందు పొర. సుమారు అర మిల్లీమీటరు మందమున్న ఆ పొరను లేజర్‌తో చెక్కితే, బలహీనమైన కంట్లో అది ముందుకు ఉబ్బవచ్చు. ఎక్టేసియా అనే ఈ ఉబ్బును కంటి వైద్యుడు థియో సైలర్ బృందం 1998లోనే నమోదు చేసింది. అరుదే కదా అంటారు. నిజమే, అయితే కార్నియా పలచబడి ఉబ్బే కెరటోకోనస్ జబ్బు లోలోపల దాగినవారికి ఆ ధీమా చెల్లదు. కార్నియా పటం తీసే టోపోగ్రఫీ పరీక్ష వారిలో చాలామందిని ముందే పట్టిస్తుంది. కార్నియాను గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ చికిత్స ఉందిగా అనడమూ సగం జవాబే: అది సాధారణంగా ఉబ్బును ఆపుతుంది, పోయిన చూపును పూర్తిగా తిరిగి తేలేదు. అందుకే ఆపరేషన్‌కు ముందు తీసిన పటం నకలును రోగికివ్వడం తప్పనిసరి చేయాలి. ఏళ్ల తర్వాత చూపు మసకబారితే, పోల్చి చూడటానికి ఏ డాక్టరుకైనా అదే ఆధారం.