ధ్రువపత్రానికి వెల ఎవరు కట్టాలి?

మంగళగిరి మీదుగా ఇటు విజయవాడ వైపు, అటు గుంటూరు వైపు సాగే ఇంజనీరింగ్ కళాశాలల బస్సుల్లో నేడు మన పిల్లలూ కనిపిస్తున్నారు. 2007 నాటి బీసీ-ఈ నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం, దానిని నిలబెట్టిన 2010 మార్చి నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు, వాటికి తోడైన ఫీజు రీయింబర్స్‌మెంటు ఈ మార్పుకు దోహదం చేశాయి. అయితే ఈ ఆసరా అంతా పట్టా చేతికందే వరకే. ఆ తర్వాత ప్రైవేటు సాఫ్ట్‌వేర్ రంగంలో రిజర్వేషన్ లేదు. అక్కడ పట్టాతో పాటు క్లౌడ్, నెట్‌వర్కింగ్, సైబర్ భద్రత వంటి అంశాల్లో వృత్తి ధ్రువపత్రాలు, అంటే సర్టిఫికేషన్లు, ఉన్నాయా అని అడుగుతున్నారు.

ఇవి నిజంగా జీతాన్ని పెంచుతాయా? పెంచుతాయి. కాని శిక్షణ కేంద్రాల ప్రకటనలు ఊరించినట్లు మాత్రం కాదు. పెద్ద సంస్థలు కొత్తగా చేరే సాధారణ పట్టభద్రులకు ఇచ్చే వేతనం ఏళ్ల తరబడి ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఉండిపోయింది. ఆ దశలో ఒక ధ్రువపత్రం జీతాన్ని రెట్టింపు చేయదు. దరఖాస్తును ఇంటర్వ్యూ దాకా చేర్చగలదు, మెరుగైన ప్రాజెక్టులో చోటు కల్పించగలదు. రెండు మూడేళ్ల అనుభవం తోడై, ఉద్యోగం మారే వేళ దాని విలువ వేతనంలో కనబడుతుంది. అధిక వేతనాలకు పేరుపడ్డ పీఎంపీకి నాలుగేళ్ల పట్టా ఉన్నవారు కూడా మూడేళ్లు ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపాలి. సైబర్ భద్రతలో సీఐఎస్‌ఎస్‌పీ పూర్తి ధ్రువీకరణకు సాధారణంగా ఐదేళ్ల అనుభవం కావాలి.

సంస్థలకు ఈ పత్రాల అవసరం మరో విధంగానూ ఉంది. అమెజాన్, మైక్రోసాఫ్ట్ వంటి కంపెనీల భాగస్వామి హోదాకు ధ్రువీకరణ పొందిన ఉద్యోగుల సంఖ్యను కూడా లెక్కలోకి తీసుకుంటారు. అందుకే చాలా సంస్థలు తమ ఉద్యోగుల పరీక్ష రుసుమును తామే భరిస్తున్నాయి. ఉద్యోగం ఉన్నవాడికి కంపెనీ కడుతుంది. ఉద్యోగం వెతుక్కునేవాడికి తండ్రి కట్టాలి. అసలు అన్యాయం ఇక్కడే ఉంది.

అమెజాన్ క్లౌడ్ అసోసియేట్ స్థాయి ఆర్కిటెక్ట్ పరీక్ష రుసుము 150 డాలర్లు. పన్నుతో కలిపితే పదిహేను వేల రూపాయలకు అటూ ఇటూ అవుతుంది. సిస్కో వారి సీసీఎన్ఏకు 300 డాలర్లు. తప్పితే మళ్లీ పూర్తి రుసుము కట్టాలి. ఉత్తీర్ణులైనా మూడేళ్లకు గడువు తీరుతుంది. ఆటో నడిపే తండ్రికి, మగ్గం మీద బతికే ఇంటికి ఇది నెల సంపాదనతో సమానమైన పందెం. కళాశాల బోధనా రుసుము కోసం ఉద్దేశించిన రీయింబర్స్‌మెంటు ఈ ఖర్చును తీర్చదు.

మన పిల్లలకు ఈ పత్రం అవసరం మరింత ఎందుకు? సుఖ్‌దేవ్ థోరట్, పాల్ ఆటివెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే అర్హతలతో ప్రైవేటు ఉద్యోగాలకు దరఖాస్తులు పంపారు. అగ్రవర్ణ హిందూ పేర్లతో పోలిస్తే ముస్లిం పేర్లకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి 0.33 మాత్రమే. అభిజిత్ బెనర్జీ తదితరులు 2009లో ప్రచురించిన మరో అధ్యయనం ఢిల్లీ పరిసరాల్లోని సాఫ్ట్‌వేర్, కాల్‌సెంటర్ ఉద్యోగాలను పరిశీలించింది. అందులో ముస్లిం పేర్ల పట్ల వివక్ష కనిపించలేదు. రెండు అధ్యయనాలతో తుది తీర్పు చెప్పలేము. అయినా నైపుణ్యాన్ని కొలవగలిగిన చోట పేరు బరువు తగ్గుతుందని ఆశించడానికి ఆధారం ఉంది. ఎవరు దిద్దినా ఒకే మార్కు వచ్చే పరీక్ష, పేరు చూసి పక్కన పెట్టే చేతికి కొంతైనా అడ్డుపడుతుంది.

కనుక మన కోరిక స్పష్టంగా ఉండాలి. చివరి సంవత్సరం చదివే పేద విద్యార్థికి, ఏ మతంవాడైనా, మొదటి ధ్రువపత్రం పరీక్ష రుసుమును ప్రభుత్వం భరించాలి. మైనారిటీ విద్యార్థుల విషయంలో రాష్ట్ర మైనారిటీల ఆర్థిక సంస్థ ఈ బాధ్యత తీసుకోవచ్చు. 2024 జూన్ నుంచి రాష్ట్ర విద్య, ఐటీ శాఖలు రెండూ మంగళగిరి శాసనసభ్యులు నారా లోకేశ్ చేతిలోనే ఉన్నాయి. ఈ విన్నపాన్ని మొదట వినిపించవలసిన చోటు మన ఊరిలోనే ఉంది.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. మసీదు కమిటీలు, స్థిరపడిన ఉద్యోగులు కలిసి ఖర్జె హసనా నిధి ఏర్పాటు చేయవచ్చు. వడ్డీ లేకుండా తీసుకున్న రుసుమును విద్యార్థి మొదటి జీతాల నుంచి తిరిగి చెల్లిస్తే, అదే సొమ్ము మరొకరికి అందుతుంది. అయితే లీకైన ప్రశ్నలు అమ్మేవారి వలలో మాత్రం పిల్లలు పడకూడదు. పట్టుబడితే ఫలితం రద్దవుతుంది. పట్టుబడకపోయినా మొదటి ఇంటర్వ్యూలోనే డొల్లతనం బయటపడుతుంది. ఎన్‌పీటెల్ వంటి చోట్ల పాఠాలు ఉచితంగా లభిస్తున్నాయి. ముందు పని నేర్చుకోవాలి, పరీక్ష తర్వాత రాయాలి. నేర్చినవారు రుసుము లేక ఆగిపోకుండా చూడటం మాత్రం పెద్దలమైన మన బాధ్యత.