గోదారి ఒడ్డున హత్య!

గోదారి అనగానే మన సినిమావాళ్ళకు ఏం గుర్తొస్తుంది? పట్టిసీమలో ఏటి నడుమ వీరభద్రుడి గుడి, పాపికొండలు, ఓ లాంచీ, ఓ పాట! 'మూగమనసులు' (1964), 'అందాల రాముడు' (1973)... ఈ ఏటి మీద ఎన్ని పడవలు నడిచాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మరి పడవ దిగి ఊళ్ళోకి నడిస్తే? అక్కడ సొసైటీ ఆఫీసు, అప్పుల పద్దులు, నోరెత్తని జనం! అక్కడికి కెమెరా పట్టుకెళ్ళినవాడు కోనసీమ కుర్రాడు సుకుమార్. సినిమా పేరు 'రంగస్థలం', విడుదల 2018 మార్చి 30.

కథ 1980ల నాటిది. ప్రెసిడెంటు (జగపతిబాబు) ముప్ఫై ఏళ్ళుగా ఊరిని ఏలుతున్నాడు. ఆయనకు రోజూ కత్తితో పనిలేదు, సొసైటీ లెక్కల పుస్తకం చాలు. వడ్డీ పెరుగుతుంది, పొలం వేలానికొస్తుంది. దుబాయ్ నుంచి వచ్చిన కుమార్‌బాబు (ఆది పినిశెట్టి) ఇదేమిటని అడిగి, ఎన్నికల్లో నిలబడతాడు. తమ్ముడు చిట్టిబాబు (రామ్‌చరణ్) ఇంజన్‌తో చేలకు నీళ్ళు తోడే కుర్రాడు. సరిగ్గా వినబడదు. ఊరంతా 'సౌండ్ ఇంజనీర్' అంటుంది. మొదట్లో ఆ చెవుడుకి హాలంతా నవ్వులే. అన్న ప్రాణం మీదికొచ్చాక ఒక్క నవ్వు వినబడితే ఒట్టు! తమాషా ఏమిటంటే, వినబడని హీరో ఉన్న ఈ చిత్రానికే 2018 జాతీయ అవార్డుల్లో శబ్ద మిశ్రమానికి బహుమతి వచ్చింది. అందుకున్నది ఎం.ఆర్. రాజాకృష్ణన్.

ఇక అసలు సంగతి. హత్య జరగ్గానే మనమంతా ప్రెసిడెంటు వైపే వేలు చూపిస్తాం. చూడనివాళ్ళ కోసం హంతకుడి పేరు దాస్తాను గానీ, కారణం దాచను. అది కులం గీత దాటిన ప్రేమ! పాతకాలం కథే కదా అంటారా? సినిమా వచ్చి ఆరు నెలలు తిరక్కముందే, 2018 సెప్టెంబరులో, మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి భార్య కళ్ళెదుటే నరికి చంపారు.

ఒక్క ఫిర్యాదు. ఇంత కథకు మూలమైన ఆ ప్రేమించిన అమ్మాయికి మాటలు మరీ తక్కువ. దాదాపు మూడు గంటల సినిమాలో ఆమెకు ఇంకో రెండు సీన్లు ఇస్తే ఏం పోయింది?

ఈసారి చూసినప్పుడు ఫైట్లకు ఈల వేయండి, వద్దనను. ఇంటికెళ్ళాక మాత్రం ఒక్క ప్రశ్న వేసుకోండి. మన ఊళ్ళో ఇలాంటి ప్రేమకు ముందు అడ్డం పడేది ఎవరు? ప్రెసిడెంటా, మన పెదనాన్నా?