తీరిక వేళ: ఆటకూ ఉండాలి చిట్టా

పిల్లలూ! చదరంగానికి పలక కావాలి, పచ్చీసుకు గళ్ళ గుడ్డ కావాలి, వైకుంఠపాళికి పటం కావాలి. ఇవేవీ లేకుండా నలుగురు ఒక బల్ల చుట్టూ కూచుని కేవలం నోటితో ఆడుకునే ఆట ఒకటి ఉన్నది. ఇందులో ఒకరు గెలవటం, ఒకరు ఓడటం అంటూ ఉండదు. అందరూ కలిసి ఒక కథలో ప్రవేశించి, ఆ కథను ముందుకు నడుపుతారు.

ఈ ఆటను మొదటిసారిగా పుస్తక రూపంలో అమ్మకానికి తెచ్చినవారు అమెరికాకు చెందిన గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు. 1974లో వెలువడిన ఆ ఆట పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. మొదట వెయ్యి ప్రతులే అచ్చు వేశారు. ఈనాడు దాన్ని ఎన్నో దేశాల్లో ఆడుతున్నారు. ఆట పద్ధతి తెలిస్తే మన కథలతోనూ ఆడుకోవచ్చు.

ఒకరు సూత్రధారి. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు. సూత్రధారి, ‘‘మీరు రేవు దగ్గిర ఉన్నారు. పొద్దు గుంకుతున్నది. పడవలో ఎవరూ లేరు. ఏం చేస్తారు?’’ అని అడుగుతాడు. ఎవరి పాత్ర ఏం చేసేదీ వారే చెబుతారు. ఆ పని ఫలించేదీ లేనిదీ సందేహమైతే పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే పని అయినట్టు, చిన్న అంకె పడితే చిక్కు వచ్చినట్టు. కథ ఒక్కనాటితో అయిపోదు. వారం వారం కూచుంటే ఆరు మాసాలు కూడా సాగవచ్చు. చిక్కంతా అక్కడే వస్తుంది.

ఎలాంటి చిక్కో చెబుతాను. శ్రీహరికోట పేరు మీరందరూ విన్నదే. ఒక పక్క బంగాళాఖాతమూ మరొక పక్క పులికాట్ సరస్సూ ఉన్న పొడుగాటి దీవి అది. ఆ సరస్సును అక్కడివాళ్ళు ప్రళయ కావేరి అని కూడా అంటారు. చలికాలంలో రాజహంసలు అక్కడికి వేలకొద్దీ వచ్చి వాలుతాయి. దగ్గిరలోని నేలపట్టు చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లల్ని చేస్తాయి. రాకెట్ల కేంద్రానికి 1969లో ఆ దీవిని ఎంచుకున్నారు. అంతకు ముందు అక్కడ అడవీ, యానాదుల గూడేలూ ఉండేవి. కథ ఆడుకోవటానికి ఇంతకంటె మంచి చోటు ఏం కావాలి?

నలుగురు పిల్లలు ఆ పాతకాలపు దీవినే తమ ఆటకు రంగస్థలం చేసుకున్నారనుకోండి. పెద్దక్క సూత్రధారి. అన్న పడవ సరంగు. తమ్ముడు అడవిలో ప్రతి మూలికా ఎరిగిన యానాది పెద్ద. అందరికంటె చిన్నదైన చెల్లెలు పక్షుల లెక్క రాసుకునే పంతులమ్మ. మొదటి ఆదివారం పంతులమ్మ రేవులోని ముసలితాత దగ్గిర గాజు లాంతరు ఒకటి ఎరువు తీసుకుని, ‘‘అమావాస్య లోపల తిరిగి ఇచ్చేస్తాను, తాతా!’’ అని మాట ఇచ్చింది. మూడో ఆదివారం ఆ లాంతరు ఇచ్చేసింది కూడాను.

ఆరో ఆదివారం పడవ తుఫానులో చిక్కుకున్నది. ‘‘లాంతరు వెలిగిస్తాను,’’ అన్నాడు అన్న.

‘‘లాంతరేది? నేను తాతకి ఇచ్చేశాను గదా!’’ అన్నది చెల్లెలు.

‘‘నువ్వెప్పుడిచ్చావే? అది పడవలోనే ఉంది. నాకు బాగా జ్ఞాపకం!’’ అన్నాడు అన్న గట్టిగా.

తమ్ముడికి ఏమీ గుర్తు లేదు. సూత్రధారికీ సరిగా గుర్తు లేదు. చివరకు ఎవరి మాట నెగ్గింది? గొంతు పెద్దది ఎవరిదో వారి మాటే నెగ్గింది. లాంతరు వెలిగింది, పడవ ఒడ్డు చేరింది. కాని చెల్లెలు మరుసటి ఆదివారం ఆటకు రాలేదు. తాను నిలబెట్టుకున్న మాటను అందరూ కలిసి లేకుండా చేశారని ఆమె బాధ. అది న్యాయమైన బాధే.

ఆ రోజు బల్ల మీద ఒక్క కాగితం ఉండి, అందులో ‘మూడో ఆదివారం: పంతులమ్మ లాంతరు తాతకు ఇచ్చివేసినది’ అన్న ముక్క ఉంటే తగవే ఉండేది కాదు. రాత ముందు పెద్ద గొంతుకా చిన్న గొంతుకా సమానమే.

రాయటానికి మనవాళ్ళ పద్ధతి ఒకటి ఉన్నది. వెనక మన షావుకార్లు రెండు పుస్తకాలు ఉంచుకునేవాళ్ళు. ఒకటి చిట్టా: ఏ రోజు ఏం జరిగిందో ఆ రోజే, జరిగిన వరసన రాసేది. రెండోది ఆవర్జా: చిట్టాలోని పద్దులను పేరు పేరునా విడదీసి ఎక్కించేది. మంగళవారం ఏం జరిగిందో కావాలంటే చిట్టా తిప్పాలి. రామయ్య ఎంత బాకీ ఉన్నాడో కావాలంటే ఆవర్జా తిప్పాలి. ఆటకు కూడా సరిగ్గా ఈ రెండే కావాలి. ఏ ఆదివారం ఏం జరిగిందో చెప్పేది ఆట చిట్టా. ముసలితాతకు ఒక పేజీ, లాంతరుకు ఒక పేజీ, రేవుకు ఒక పేజీ—ఇది ఆట ఆవర్జా.

కాగితం పుస్తకంలో కష్టమేమిటంటే, ఒకే సంగతిని రెండు మూడు చోట్ల రాయవలసి వస్తుంది. కంప్యూటరులో రాసుకునే నోట్సు పుస్తకాలు ఈ శ్రమను తగ్గిస్తాయి. ఇలాంటివి చాలా ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ వారి వన్‌నోట్ 2003లో వచ్చింది. అందులో పుస్తకమూ, దానిలో విభాగాలూ, విభాగంలో పేజీలూ ఉంటాయి. 2020లో వచ్చిన అబ్సీడియన్ అనేది మరొక రకం. మన సొంత వాడకానికి దానికి డబ్బు కట్టనవసరం లేదు. మనం రాసినది మన కంప్యూటరులోనే మామూలు అక్షరాల ఫైళ్ళుగా ఉంటుంది.

అందులోని కీలకం ఇది. చిట్టా రాసేటప్పుడు ఒక పేరును రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య పెడతాము: ‘పంతులమ్మ [[గాజు లాంతరు]]ను [[ముసలితాత]]కు ఇచ్చివేసినది.’ వెంటనే ఆ పేర్లు లంకెలవుతాయి. ‘గాజు లాంతరు’ మీద నొక్కితే లాంతరు పేజీ తెరుచుకుంటుంది. అంతేకాదు, లాంతరు ప్రస్తావన ఏయే పేజీల్లో వచ్చిందో ఆ జాబితా కూడా లాంతరు పేజీలోనే కనిపిస్తుంది. మొదటి ఆదివారం ఎరువు తెచ్చినదీ, మూడో ఆదివారం తిరిగి ఇచ్చినదీ రెండూ ఒక్కచోట తేలుతాయి. అనగా మీరు చిట్టా రాస్తూ ఉంటే ఆవర్జాలో సగం దానంతట అదే తయారవుతుందన్నమాట!

తెలుగులో రాసేవాళ్ళు ఒక జాగ్రత్త పడాలి. ఒకరు ‘సూళ్లూరుపేట’ అని రాస్తారు, మరొకరు ‘సూళ్ళూరుపేట’ అని రాస్తారు. చదివేవారికి రెండూ ఒకటే. కంప్యూటరుకు మాత్రం అవి రెండు వేరు వేరు ఊళ్ళు! ఒకదాన్ని వెతికితే రెండోది దొరకదు. అందుచేత పేరును మొదటిసారి ఎలా రాశారో చివరిదాకా అలాగే రాయండి. అబ్సీడియనులో ఒక పేజీకి మారుపేర్లు ఇచ్చే వీలు కూడా ఉన్నది.

ఇంకొకటి, ఇది మరీ ముఖ్యం. సూత్రధారి మనసులో అనుకున్నదీ, బల్ల దగ్గిర నిజంగా జరిగినదీ ఒకే పేజీలో కలపగూడదు. ‘తాత ఒకప్పుడు దొంగల నాయకుడు’ అని సూత్రధారి రహస్యంగా అనుకోవచ్చు. ఆటలో ఆ సంగతి బయటపడేదాకా అది ‘జరగవచ్చు’ అనే సంచిలో ఉండాలి, ‘జరిగింది’ అనే సంచిలో కాదు. రెండూ కలిస్తే కొన్నాళ్ళకు సూత్రధారికే ఏది నిజమో తెలియదు.

ఇదంతా ఆటకే గదా, ఇంత పట్టింపు ఎందుకంటారా? అదే శ్రీహరికోటలో పెద్దవాళ్ళు ఏం చేశారో చూడండి. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 అనే రాకెట్టును అక్కడినుంచి మొదటిసారి ప్రయోగించారు. ఆ పథకానికి డైరెక్టరు ఎ.పి.జె. అబ్దుల్ కలాం. బయలుదేరే ముందు, ఏదో సరిగా లేదని కంప్యూటరు ప్రయోగాన్ని నిలిపింది. నిపుణులతో మాట్లాడి, ఫరవాలేదనుకుని, కలాం ముందుకు సాగనిచ్చారు. మొదటి అంచె చక్కగా పనిచేసింది. రెండో అంచె అదుపు తప్పింది. 317 సెకన్లకు ఆ ప్రయాణం ముగిసి రాకెట్టు సముద్రంలో పడింది.

అప్పుడు వాళ్ళు ‘‘నాకు బాగా జ్ఞాపకం’’ అంటూ వాదులాడుకోలేదు. ప్రయోగ సమయంలో నమోదైన వివరాలను ముందు పెట్టుకుని, ఒక్కొక్క మెట్టే వెనక్కి నడిచారు. రెండో అంచెను అదుపులో ఉంచే ఏర్పాటులో ఒక కవాటం సరిగా మూసుకోలేదు. దాంతో అక్కడ ఉండవలసిన ఆమ్లం, రాకెట్టు లేవకముందే కారిపోయింది. ఇదీ తేలిన సంగతి. లోపం దొరికింది గనక దాన్ని సరిదిద్దగలిగారు. 1980 జూలై 18న అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని భూమి చుట్టూ తిరిగే కక్ష్యలో పెట్టింది.

అక్కడ మన ఆటకు దగ్గిరి చుట్టంలాంటి పని మరొకటి కూడా జరుగుతుంది. రాకెట్టును వదిలే ముందు ఆ ప్రయోగమంతటినీ ఉత్తుత్తిగా ఒకసారి జరిపి చూస్తారు. 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరింది గదా! దానికి మూడు రోజుల ముందే 24 గంటల రిహార్సలు ముగించారు. ఎవరి పని వారు నిజంగా చేసినట్టే చేస్తారు. రాకెట్టు మాత్రం లేవదు. ‘ఇలా అయితే ఏం చేస్తావు?’ అనే ప్రశ్న ఒక బల్ల దగ్గిర ఆట, మరొక బల్ల దగ్గిర కొలువు.

మళ్ళీ మన బల్ల దగ్గిరికి వద్దాం. చిట్టాలో ప్రతి ఆదివారానికీ నాలుగు సంగతులు చాలు: తేదీ, ఎవరెవరు వచ్చారు, ఏం జరిగింది, ఏం తేలకుండా మిగిలింది. నాలుగోది మరవకండి. వచ్చే వారం ఆట అక్కడినుంచే మొదలవుతుంది. ఆట ముగిసిన పావుగంట లోపలే రాయాలి. తెల్లవారితే సగం ఆవిరైపోతుంది. రాసే పని వంతులవారీగా తిప్పండి. రాసినది అందరి ముందూ పైకి చదవండి. అందరూ ‘ఔను’ అన్నాకనే అది చిట్టా అవుతుంది.

రాతలోనూ అతి పనికిరాదు. పేజీలకు రంగులు వేస్తూ, బొమ్మలు అతికిస్తూ కూచుని, ఆడటమే మానినవాళ్ళున్నారు! వారానికి ఒక పేజీ దాటితే ఎక్కువ రాస్తున్నారన్నమాటే. ఆ ఫైళ్ళకు మరోచోట ఒక నకలు తీసి ఉంచండి. కంప్యూటరు చెడితే ఆరు మాసాల కథ దానితోపాటే పోతుంది.

ఇంట్లో కంప్యూటరు లేనివాళ్ళు చిన్నబుచ్చుకోనవసరం లేదు. జర్మనీలో నిక్లాస్ లూమన్ అనే సమాజశాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన సుమారు 90,000 కాగితపు చీటీల మీద తన ఆలోచనలు రాసి పెట్టెల్లో ఉంచుకున్నాడు. ప్రతి చీటీకీ ఒక అంకె. ఒక చీటీకి సంబంధించిన మరో చీటీ అంకెను దాని మీద వేసేవాడు. కంప్యూటరులోని లంకెలు చేసేదీ ఆ పనే. ఆయన 1998లో చనిపోయాడు. ఆ చీటీల సాయంతో ఆయన రాసిన పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. పాత నోటుబుక్కు అట్టలను పోస్టుకార్డంత ముక్కలుగా కత్తిరించి, చెప్పుల పెట్టెలో పెట్టుకుంటే మీకూ ఒక ఆవర్జా ఉన్నట్టే.

పెద్దలకు ఒక మాట. వ్యాసం రాయమంటే పెన్సిలు కొరుక్కునే పిల్లవాడు కూడా ఈ చిట్టా రాయటానికి కూచుంటాడు, ఎందుకంటే తన సరంగు ఏమైపోతాడో అతనికి కావాలి. తప్పులు దిద్దటానికి తొందరపడకండి. చదివి వినిపించమనండి. అవతలివాళ్ళకు అర్థం కాని వాక్యాన్ని పిల్లలు తామే మార్చుకుంటారు.

ఇక మన చెల్లెలి సంగతి. అక్క ఒక కొత్త పుస్తకం తెచ్చి, మొదటి పేజీ చెల్లెలి చేతికిచ్చి, ‘‘లాంతరు కథ నువ్వే రాయి,’’ అంటే ఆ పిల్ల తిరిగి ఆటకు వస్తుందా, రాదా? తుఫానులో వెలిగిన ఆ లాంతరును ఏం చేయాలి? అన్న పాత్ర మళ్ళీ చీకట్లో పడవ నడపవలసిందేనా? ఈ ఆదివారం మీ ఇంట్లో నలుగురూ కూచుని ఈ తగవు తీర్చండి. ఏం తీర్పు చెప్పారో తేదీ వేసి చిట్టాలో రాయండి. మీ మొదటి పద్దు అదే అవుతుంది.