ప్లాను లేని ఇల్లు – ఎవరి నేరం?

దర్శిలో ఉద్యోగం దొరికిన మన పిల్లలు అద్దె ఇంటికి తిరిగితే మొదట అడిగేది జీతం కాదు, "మీరేమిట్లు?" అని. చెప్పగానే "మా బంధువులు దిగుతున్నారండీ" అంటారు. అంటరానితనం పేరుతో ఏ పేటలోనైనా ఇల్లు కట్టుకోనివ్వకపోవడం, ఉండనివ్వకపోవడం నేరమని 1955 పౌరహక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్ చెప్తోంది. చెప్తానే ఉంది! అందుకే మనోళ్లు అప్పోసప్పో చేసి సొంతిల్లు కొంటున్నారు. మేం దాన్ని తప్పు పట్టం.

కానీ మనకి అమ్మజూపే ఇళ్లెలాంటివి? కింది గదులకి కాగితం ఉంటది, పైన లేపిన స్లాబుకుండదు. దర్శి మొన్నమొన్నటిదాకా గ్రామ పంచాయతీ, నగర పంచాయతీ ఎన్నికలు చూసింది 2021 నవంబరులో. పంచాయతీ రోజుల్లో చాలాచోట్ల మేస్త్రి గీసిందే ప్లాను. "ఇంటిపన్ను కడుతున్నాం గదా, కరెంటు మీటరుంది గదా" అని అమ్మేవాడు రసీదులు పరుస్తాడు. పన్ను రసీదు అనుమతి కాదు. అనుమతి లేని కట్టడానికీ పన్నేస్తారు, పైన జరిమానా కూడా కలుపుతారు. సబ్ రిజిస్ట్రారు మేడెక్కి స్లాబు కొలవడు. సంతకం పడ్డ మర్నాటి నుంచి కట్టినోడి తప్పు కొన్నోడి మెడకి చుట్టుకుంటది. బ్యాంకు మొహం తిప్పుకుంటే రెండ్రూపాయల వడ్డీకి పోవాల్సిందే.

2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు రెండు మాటలంది. కట్టడం పూర్తయిన ధ్రువపత్రం చూశాకే బ్యాంకులు అప్పివ్వాలి. తప్పుడు కట్టడాలకి కారణమైన అధికార్లపై చర్య తీసుకోవాలి. మొదటి మాట మనకి చెప్పడానికి అందరూ ముందుకొస్తారు. రెండోది ఏ ఆఫీసులో వినపడింది?

సర్కారు 2007, 2015, 2019, మళ్లీ 2025లో బి.పి.ఎస్. పెట్టింది. డబ్బు కట్టు, అక్రమం సక్రమమవుద్ది. కానీ స్థలం సొంతమై ఉండాలి, సర్కారు భూమిలో కట్టింది పనికిరాదు. మూడంతస్తుల పెద్దమనిషి చెక్కు రాసిచ్చి బయటపడతాడు. వాగు పోరంబోకులో రేకులేసుకున్న మనోడు ఎప్పటికీ ఆక్రమణదారుడే. కేరళ మరడులో 2020 జనవరిలో అపార్టుమెంట్లు కూల్చినప్పుడు ఒక్కో ఫ్లాటుకి 25 లక్షలు మధ్యంతర పరిహారం ఇమ్మని కోర్టు ముందే చెప్పింది. మంచిదే. పల్లెలో గుడిసె పీకినప్పుడు 25 వేలన్నా ఇమ్మన్నదెవరు?

కొనబోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు మంజూరైన ప్లాను అడగండి. దాన్ని చేత్తో పట్టుకుని, టేపుతో ఇల్లు కొలుచుకోండి. ఇ.సి. తియ్యండి. అసైన్డు పట్టా స్థలమైతే 1977 చట్టాన్నీ దాని సవరణల్నీ తెలిసిన వకీలుకి చూపించకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

మున్సిపాలిటీని మేం అడిగేది వేరు. అనుమతి లేని ఇళ్ల జాబితా వార్డు సచివాలయం గోడకి అంటించండి. జరిమానా కొన్నోడి దగ్గర కాదు, కట్టి అమ్మినోడి దగ్గరా, స్లాబు పడుతుంటే చూస్తూ పోయిన ప్లానింగు వాళ్ల జీతంలోనూ వసూలు చెయ్యండి.