కనబడ్డ ప్రతి కేవర్నోమానూ కోయనక్కర్లేదు

తలనొప్పికి తీయించిన స్కాన్‌లో ‘కేవర్నోమా’ అన్న మాట కనబడితే చాలు, ఇంటిల్లిపాదిదీ ఒకటే భయం. తలలో బాంబు ఉంది, పేలకముందే తీయించేయాలి. చుట్టాలదీ అదే మాట, ఫోన్లో తిరిగే వీడియోలదీ అదే మాట. ఈ మాట తప్పు. దాన్ని నమ్మి పడే తొందర కాళ్ళూ చేతులూ పోగొట్టగలదు.

సూరత్‌లోని వరాఛాను తలచుకుని రాస్తున్నాను. అక్కడి బతుకు వజ్రం చుట్టూ తిరుగుతుంది. భూతద్దంలో చూసుకుంటూ ఆవగింజంత రాయిని తిరిగే చక్రానికి ఆనించి సానపట్టే కార్మికుడికి వేలికొసల్లోని స్పర్శే ఆస్తి. అదే నగరంలో, లింబాయత్ వైపు, మన పద్మశాలీలు మరమగ్గాల మీద బతుకుతున్నారు. నగరపాలిక తెలుగు మాధ్యమం బడులు నడుపుతోందంటే మనవాళ్ళు అక్కడ ఎందరున్నారో ఊహించుకోవచ్చు. అలాంటి ఊళ్ళో, ఆపరేషన్ తర్వాత కుడిచేతికి మిగిలే తిమ్మిరిని చిన్న నష్టమని ఎవరనగలరు?

అసలు కేవర్నోమా అంటే ఏమిటి? పలుచని గోడలున్న సన్నని రక్తనాళాలు మల్బరీ పండులా గుత్తి కట్టిన చోటు. ఇది క్యాన్సర్ కాదు. సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది. వాళ్ళలో చాలామంది ఆ సంగతే తెలియకుండా బతుకుతారు. ఇందులో రక్తం చాలా నెమ్మదిగా, తక్కువ ఒత్తిడితో పారుతుంది. అందుకే ధమని ఉబ్బి పగిలినప్పటి ఉపద్రవం వేరు, ఇందులోంచి ఊరే రక్తం వేరు. బాంబు పోలిక మొదటి తప్పు ఇక్కడే చేస్తోంది.

అంకెలు చూద్దాం. 1,620 మంది రోగుల వివరాలు కలిపి చేసిన విశ్లేషణ 2016లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చింది. కేవర్నోమా మెదడు కాండంలో కాక వేరేచోట ఉండి, రక్తస్రావంతో గానీ నరాల లోపంతో గానీ బయటపడకపోతే, ఐదేళ్ళలో రక్తస్రావం ముప్పు 3.8 శాతం. కాండంలోనే ఉండి, అలాంటి లక్షణాలతోనే బయటపడితే 30.8 శాతం. ఒకే పేరున్న జబ్బులో ముప్పు ఎనిమిది రెట్లు మారుతున్నప్పుడు అందరికీ ఒకే సలహా ఎలా సరిపోతుంది?

“రేపు రక్తం కారితే ఎవరు జవాబుదారీ?” అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ కత్తి పెట్టినందువల్ల చెయ్యి పడిపోతే ఎవరు జవాబుదారీ అన్నది కూడా అంతే న్యాయమైన ప్రశ్న. శస్త్రచికిత్సకూ, కనిపెట్టుకుని ఉండటానికీ రోగులను యాదృచ్ఛికంగా పంచి పోల్చిన పరీక్ష బ్రిటన్, ఐర్లాండ్‌లలో జరిగి, 2024లో ఫలితం వెలువడింది. అందులో ఉన్నది 72 మందే. పెద్ద పరీక్ష జరపడం సాధ్యమని అది చూపింది తప్ప, ఏది మేలో తేల్చలేదు. వైద్యశాస్త్రమే ఇంకా తేల్చనిదాన్ని వీధి అరుగు మీద తేల్చేయడం సాహసం.

కత్తి అక్కర్లేదని నేననడం లేదు. మందులు వాడినా ఫిట్స్ ఆగకపోతే, కేవర్నోమాతో పాటు దాని చుట్టూ ఇనుపమరకలా పట్టిన కణజాలాన్నీ వీలైనంత తీసేస్తే చాలామందికి మేలు జరుగుతుంది. కాండంలో మళ్ళీ మళ్ళీ రక్తం కారి, గడ్డ పైపొర దాకా వస్తే ఆపరేషన్ ఆలోచించాల్సిందే. వెన్నుపాములో ఉండి కాళ్ళ బలం తగ్గిపోతుంటే ఆలస్యమే నష్టం. రోజంతా వంగి కూర్చునేవాళ్ళలో కాళ్ళ తిమ్మిరిని డిస్కు నొప్పి అని వదిలేయడం తేలిక. అలా వదిలేయకూడదు.

తొందర చూపాల్సింది సరైన నిర్ధారణలో. సి.టి. స్కాన్‌కు చిన్న కేవర్నోమా దొరక్కపోవచ్చు. దొరికినా సున్నపు మచ్చలా కనబడుతుంది. మన దేశంలో అలాంటి మచ్చను బద్దెపురుగు వల్ల వచ్చిందనో, క్షయ గడ్డ అనో పొరబడే వీలుంది. యాంజియోగ్రామ్‌లోనూ ఇది సాధారణంగా కనబడదు. పాత రక్తపు జాడను పట్టే ప్రత్యేక విధానంతో ఎం.ఆర్.ఐ. తీస్తే నల్లటి అంచుతో మొక్కజొన్న పేలంలా తేలుతుంది. అలాంటివి ఎక్కువగా ఉన్నా, ఇంట్లో మరొకరికి ఉన్నా అది వంశపారంపర్యం కావచ్చు. అప్పుడు జన్యు సలహా తీసుకోవాలి.

ఇంకో భయం కూడా పోవాలి. కేవర్నోమా ఉందని గుండెకు వాడే ఆస్పిరిన్‌ను సొంతంగా మానేస్తారు కొందరు. రక్తం పలుచబడే మందులు వాడేవారిలో రక్తస్రావం పెరగలేదనీ, తక్కువగానే కనిపించిందనీ 2019లో వచ్చిన విశ్లేషణ చెబుతోంది. మానాలో కొనసాగించాలో వైద్యుడే చెప్పాలి.

కాబట్టి రిపోర్టు చేతికొచ్చిన రోజున అప్పు కోసం పరుగెత్తకండి. న్యూరోసర్జన్‌నూ న్యూరాలజిస్టునూ ఇద్దరినీ కలిసి నాలుగు ప్రశ్నలు అడగండి. గడ్డ ఎక్కడుంది? ఇంతకుముందు రక్తం కారిందా? నా లక్షణాలకు అదే కారణమా? కోస్తే నా చేతిపనికి ఏమవుతుంది? ఈ నాలుగింటికీ జవాబు దొరికేదాకా సంతకం పెట్టకండి. అయితే ఒక్కసారిగా తీవ్రమైన తలనొప్పి, కొత్తగా ఫిట్స్, కాలో చెయ్యో పడిపోవడం, మూత్రం మీద అదుపు తప్పడం ఉంటే మాత్రం ఒక్క గంట కూడా ఆగకండి, ఆసుపత్రికి వెళ్ళండి.